భువనగిరి కోటకు వెళ్తున్నారా? నీళ్ల సీసా సగమే గడ్డకట్టించండి

భువనగిరి కొండ మొత్తం ఒకటే రాయి. ఎండెక్కితే ఆ వేడి చెప్పుల్లోంచి కూడా తెలుస్తుంది. పైన నీడ తక్కువ, సగం మెట్లు ఎక్కేసరికే చేతిలో నీళ్లు వేడెక్కిపోతాయి.

ముందు రాత్రి లీటరు ప్లాస్టిక్ సీసాలో సగం వరకే నీళ్లు పోసి, మూత బిగించి, ఫ్రీజర్‌లో అడ్డంగా పడుకోబెట్టండి. గడ్డ ఒక పక్కన పొడుగ్గా కడుతుంది, మూతి దగ్గర దారి మూసుకుపోదు. పొద్దున బయల్దేరేటప్పుడు మిగతా సగం మామూలు నీళ్లతో నింపి, పాత టవల్ ముక్క చుట్టండి. నిండా పోసి పెడితే సీసా ఉబ్బి పగులుతుంది, పైగా దాహం వేసినప్పుడు చుక్క రాదు. స్టీల్ ఫ్లాస్కులు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి. మనిషికి రెండు సీసాలు పెట్టుకోండి, ఒకటి కొండకే సరిపోతుంది.

గేటు తెరవగానే ఎక్కి దిగేస్తే మధ్యాహ్నం పోచంపల్లికి మిగులుతుంది. అక్కడ షాపుల కంటే ముందు మగ్గాలున్న ఇళ్లు చూడండి. నేయకముందే, డిజైను ప్రకారం నూలును రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు పట్టదు. చూడాల్సింది అదే. ఫొటో తీసే ముందు ఇంటివాళ్లను అడగండి.

వాన పడిన రోజు మాత్రం ఈ ప్లాను పనికిరాదు. తడిసిన రాయి మీద కాలు నిలవదు. పోచంపల్లిలో నేలలో గుంట తవ్వి బిగించిన మగ్గాల్లో చెమ్మ చేరితే నేత కూడా ఆపేస్తారు.