పాత బండికి చెక్ ఇంజిన్ లైటు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇలా పట్టుకోండి

మాది 2011 పెట్రోల్ బండి. చెక్ ఇంజిన్ లైటు వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేది. షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి కోడ్ (బండి కంప్యూటర్ దాచుకునే లోపం నంబరు) చెరిపేసి పంపించేవాళ్ళు, వారం తిరక్కముందే మళ్ళీ అదే పసుపు లైటు, రెండోసారి వెళ్తే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, డబ్బులు పోయాయి గానీ లైటు పోలేదు. కోడ్ చెరపడం రిపేరు కాదండీ, దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

అన్నిటికంటే ముందు, లైటు నిలకడగా ఉండి బండి మామూలుగా నడుస్తుంటే కంగారు పడక్కర్లేదు. అదే లైటు కొట్టుకుంటూ బండి కుదుపులు ఇస్తుంటే మాత్రం పక్కకి ఆపేయండి, అది మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదు, ఆ కాలని పెట్రోలు పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది, అది మార్చాలంటే చాలా ఖర్చు.

బండిలోని కోడ్‌లు చదివే చిన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొనుక్కోండి. స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్టు ఉంటుంది, అందులో పెట్టి ఫోన్‌లో యాప్‌తో చూడొచ్చు. కోడ్ ఒక్కటే చూసి వదిలేయకండి, ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఉంటుంది, లోపం దొరికినప్పుడు స్పీడు ఎంత, ఆర్‌పీఎమ్ ఎంత, ఇంజిన్ ఎంత వేడి మీద ఉంది అన్నీ అందులో ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కోడ్ చెరిపితే అదీ పోతుంది. అసలు లైటు ఇలా వచ్చిపోవడానికి కారణం ఏంటంటే చాలా లోపాలు వరుసగా రెండు ట్రిప్పుల్లో కనపడితేనే లైటు వెలుగుతుంది, తర్వాత మూడు ట్రిప్పులు బాగుంటే దానంతటదే ఆరిపోతుంది, కోడ్ మాత్రం లోపల అలాగే ఉంటుంది.

మా బండిలో వచ్చింది పీ0171, అంటే గాలి ఎక్కువ పెట్రోలు తక్కువ అని. ఆక్సిజన్ సెన్సర్ ఆ మాట చెప్తోందంతే, తప్పు దానిది కాదు. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూస్తే ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ప్లస్ 20 దాటుతోంది, 2500 ఆర్‌పీఎమ్‌లో పట్టి ఉంచితే 5కి దిగిపోతోంది. మామూలుగా 10 లోపు ఉండాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచేది) ఉన్న బండిలో ఇలా ఐడిల్‌లోనే ఎక్కువ ఉంటే ఆ సెన్సర్ దాటాక ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి. అదే రేస్ పెంచాక ట్రిమ్ ఇంకా పెరుగుతుంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, లేదా మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సర్ వైపు చూడాలి.

నేను ఇంజిన్ స్టార్ట్‌లో పెట్టి, ఫ్యాను బెల్టు దగ్గరికి చెయ్యి పోకుండా, ఒక్కో వాక్యూమ్ హోస్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్‌కి తగిలించే సన్న రబ్బరు పైపు) పట్టుకుని మెల్లగా వంచుతూ పోయా. ఇన్‌టేక్ వెనకాల చిటికెనవేలంత పైపు ఒకటి పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది, వంచగానే కింది వైపు పగులు నోరు తెరిచి స్స్‌మని శబ్దం, వేలు అడ్డం పెడితే ఐడిల్ వెంటనే కుదుటపడింది. రబ్బరు ఇంజిన్ వేడికి ఎండిపోయి గట్టిపడింది, పాత బండ్లలో మామూలే. ఆ ముక్క మార్చడానికి సెన్సర్‌కి పెట్టిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

పీ0301, పీ0302 లాంటి మిస్‌ఫైర్ కోడ్‌లు వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు. ఒక్కో సిలిండర్‌కి దేనికదే కాయిల్ (ప్లగ్గుకి స్పార్కు కోసం కరెంటు ఇచ్చేది) ఉన్న బండైతే ఆ కాయిల్ పక్కదానికి మార్చి చూడండి, కోడ్ కూడా దాంతో మారితే కాయిల్ పోయినట్టే, మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. పీ0420 (కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదనే కోడ్) వచ్చిందని వెంటనే కన్వర్టర్ కొనకండి, ముందు సైలెన్సర్ లైన్లో లీకులు, మిస్‌ఫైర్ లేవని తేల్చుకోండి.

రిపేరయ్యాక కోడ్ చెరిపి, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి రెండు మూడు రోజులు సిటీలోనూ హైవే మీదా తిప్పండి, తర్వాత యాప్‌లో పెండింగ్ కోడ్‌లు చూడండి, లైటు రాకముందే ఏమన్నా ఉంటే అక్కడ కనపడుతుంది.