బ్యాండ్‌సా బ్లేడు సాన జిగ్: పళ్లు సమంగా రాకపోతే ఎక్కడ వెతకాలి

ఇక్కడి లెక్కలన్నీ చిన్న కోత మిల్లుల్లో వాడే 32 మి.మీ. వెడల్పు, 22 మి.మీ. పంటి దూరం (ఒక పంటి కొన నుంచి పక్క పంటి కొనకు) ఉన్న బ్యాండ్‌సా (పట్టీలా చుట్టు తిరిగే రంపం) బ్లేడుకు. జిగ్‌లో, అంటే బ్లేడును పట్టి ఉంచి రాయిని ఒకే దారిలో నడిపే అమరికలో, ఉండేవి నాలుగే: బ్లేడును నిలబెట్టే పట్టు, పైనుంచి రాయి దిగే చేయి, పంటిని ఆపే వేలు, మోటారు. తప్పు ఎక్కువగా చేయి దగ్గరో వేలు దగ్గరో ఉంటుంది. అయినా అందరూ ముందు రాయినే మారుస్తారు.

సమస్య: కొన్ని పళ్లు ఎక్కువ అరిగి, కొన్నిటికి రాయి తగలనే లేదు

సాన మొదలుపెట్టే ముందు పళ్ల ముఖాలన్నిటికీ మార్కర్ సిరా పూయండి. ఒక చుట్టు అయ్యాక సిరా ఎక్కడ మిగిలిందో చూడండి.

సిరా అక్కడక్కడా, ఒక వరస లేకుండా మిగిలితే చేయి లూజుగా ఉన్నట్టే. తలుపు బందుతో చేసిన కీలు ఈ పనికి ఆగదు. చేయి కొస పట్టుకుని పక్కలకు ఊపండి, కదలిక చేతికి తెలిసిందంటే బందు తీసేయాల్సిందే. 12 మి.మీ. బోల్టు మీద రెండు 6201 బేరింగులు, మధ్యలో కనీసం 60 మి.మీ. దూరం పెట్టి బిగించండి. విశాఖ గాజువాక ఆటోనగర్‌లో అడిగితే ఈ సైజు సులువుగా దొరుకుతుంది.

చుట్టు సాగేకొద్దీ తేడా పెరుగుతూ పోతే తప్పు వేలిది. అది అప్పటికే సాన పట్టిన పంటిని ఆనుకుంటోంది. 4 మీటర్ల బ్లేడుకు దాదాపు 180 పళ్లు, పంటికి 0.05 మి.మీ. తప్పు చేరినా చుట్టు పూర్తయ్యేసరికి 9 మి.మీ. అవుతుంది. వేలు ఎప్పుడూ ఇంకా సాన పట్టని పంటినే ఆనాలి, అదీ రాయికి పక్కనున్న పంటిని. నాలుగు పళ్ల అవతల పెడితే ఆ నాలుగు దూరాల తప్పులూ ఒక పంటి మీదే పడతాయి.

వెల్డింగు అతుకు దగ్గర పంటి దూరం వేరుగా ఉండొచ్చు. అక్కడ వేలు ఎత్తేసి రెండు పళ్లూ కంటితో చూస్తూ పట్టండి.

సమస్య: పంటి కొన నీలం తిరిగింది

ఉక్కు 300 డిగ్రీల దాకా వేడెక్కిందన్నమాట. కొన మెత్తబడిపోయింది, ఎంత పదునుగా కనిపించినా నాలుగు పలకలు కోయగానే మొద్దుబారుతుంది. రాయి ముఖం నునుపుదేలి మెరుస్తుంటే డ్రెస్సింగ్ కర్రతో (రాయి ముఖాన్ని గీకే గరుకు కడ్డీ) గరుకు చేయండి. 60 గ్రిట్ (రాయి గరుకుదనం అంకె) అల్యూమినియం ఆక్సైడ్ రాయి చాలు, సన్న రాయి వేడిని పెంచుతుంది. ఒక్కో దింపుకు 0.05 మి.మీ. మించకుండా, తాకీ తాకనట్టు తీయండి. నీలం కనిపించినంత మేరా మెల్లగా అరగదీయక తప్పదు.

బ్లేడుకు పట్టిన జిగురు కూడా రాయిని మూసేస్తుంది. ముందే కిరోసిన్ గుడ్డతో తుడవండి. నిప్పురవ్వలు లేచే పని కాబట్టి పూర్తిగా ఆరాకే మోటారు వేయండి.

సమస్య: పంటి సందు అడుగున పగుళ్లు

రాయి అంచు మూల తేలి ఉంటే సందు అడుగున కూడా మూలే పడుతుంది, పగులు అక్కడే పుడుతుంది. 6 మి.మీ. రాయి అంచును అర్ధచంద్రంలా గుండ్రం చేసి, సందు ఆకారాన్నే అనుసరించాలి. పగిలిన బ్లేడును మళ్లీ మిషనుకు ఎక్కించవద్దు.

యాంగిల్ గ్రైండరు సన్న కటింగ్ చక్రాన్ని ఈ పనికి వాడకండి. పక్క ఒత్తిడికి అది పగిలి ఎగురుతుంది.

సమస్య: కోత ఒక పక్కకు లాగుతోంది

రాయి బ్లేడుకు అడ్డంగా సరిగ్గా 90 డిగ్రీల్లో లేదు. పంటి ముఖం వాలుగా అరిగి ఒక మూల ముందుకొచ్చింది. చిన్న మూలమట్టం పెట్టి చూసి, మోటారు పీట కింద రేకు ముక్కలు పెట్టి సరిచేయండి. ఇది సరిగానే ఉంటే సెట్ చూడండి: పళ్లు రెండు పక్కలా సమానంగా, సుమారు 0.5 మి.మీ. చొప్పున వంగి ఉండాలి. సెట్ చేశాకే సాన.

సమస్య: సాన పట్టినా పదును నిలవడం లేదు

పంటి కొనను వెలుతురుకు ఎదురుగా తిప్పండి. తెల్లటి చుక్క మెరిస్తే పాత మొద్దు అంచు ఇంకా పోలేదు, మరో చుట్టు తిప్పాలి. చుక్క లేకపోతే కోణం చూసుకోండి. మామూలు కర్రకు ముందు కోణం (పంటి ముఖం ముందుకు వాలే కోణం) 10 డిగ్రీలు. సరుగుడు, తుమ్మ లాంటి గట్టి కర్రకు 7 డిగ్రీలు మేలు. తీరం వెంబడి పెరిగిన సరుగుడు బెరడులో ఇసుక ఉంటుంది. బెరడు ఒలవకుండా కోస్తే ఏ సానా ఆగదు.

సమస్య: రెండు రోజులకే కొనల మీద తుప్పు

విశాఖ ఉప్పుగాలికి కొత్తగా అరిగిన ఉక్కు ఊరికే తుప్పు పడుతుంది. సాన అయిన వెంటనే బర్ (అంచున మిగిలే సన్నటి లోహపు పొర) తుడిచేసి, కుట్టుమిషను నూనె పల్చగా పట్టించి, బ్లేడును గోడకు కాకుండా చెక్క మేకుకు వేలాడదీయండి.