అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్‌కి వాల్వ్ పని చేయించేటప్పుడు ఏం మార్చాలి, ఎలా మార్చాలి

పాత అంబాసిడర్ ఉన్నవాళ్ళు ఇంజిన్ అప్‌గ్రేడ్ అనగానే క్యామ్, కార్బ్యురేటర్ గురించే అడుగుతారు గానీ ముందు డబ్బులు పెట్టాల్సింది ఎగ్జాస్ట్ సీట్ల మీద, అంటే పొగ బయటికి పోయే వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచుల మీద. ఈ బీఎంసీ బీ సిరీస్ (అంబాసిడర్‌కి వచ్చిన బ్రిటిష్ డిజైన్ ఇంజిన్) హెడ్‌లో సీట్లు విడిగా ఉండవు, హెడ్ ఇనుములోనే కోసి ఉంటాయి, లెడ్ కలిపిన పెట్రోల్ ఉన్న రోజుల్లో ఆ లెడ్డే సీటు మీద పొరలా పట్టి కాపాడేది, 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో అది లేదు, దాంతో హైవే మీద స్పీడుగా ఎక్కువసేపు తోలితే సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగుతూ ఉంటుంది. అది దిగేకొద్దీ ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌ని నొక్కే రాకర్ కొనకీ వాల్వ్‌కీ మధ్య ఉండే సందు) తగ్గుతుంది. ట్యాపెట్లు కాస్త టకటకమంటే కంగారు అక్కర్లేదు, సెట్ చేసిన కొన్నాళ్ళకే చప్పుడు దానంతటదే తగ్గిపోతే మాత్రం వెంటనే చూడండి, వాల్వ్ పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

విప్పే ముందు రేడియేటర్ నీళ్ళు తీసెయ్యండి. రాకర్ షాఫ్ట్ పట్టుకునే నట్లలో నాలుగు హెడ్డుని కూడా పట్టుకుంటాయి, అందుకని మొత్తం హెడ్ నట్లన్నీ కొద్దికొద్దిగా లూజు చెయ్యాలి. మా నాన్న బండికి ఒక మెకానిక్ ఆ నాలుగే విప్పేశాడు, హెడ్డు ఒక పక్క లేచి నీళ్ళు సిలిండర్లోకి దిగాయి, ఆ బాధ ఇంకెవరికీ వద్దు. పుష్ రాడ్లు ఏది ఎక్కడిదో అట్టముక్కకి బెజ్జాలు పెట్టి వరసగా గుచ్చుకోండి.

మెషిన్ షాపులో (విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పని తెలిసినవాళ్ళు దొరుకుతారు) నాలుగు ఎగ్జాస్ట్‌లకీ గట్టి ఇన్సర్ట్ సీట్లు వేయించండి, ఇన్‌లెట్‌కి అంత అవసరం లేదు. గైడ్లు (వాల్వ్ కాడ ఆడే గొట్టాలు) మార్చేది ఉంటే ముందు గైడ్లే మార్చాలి, సీటు కోసే కట్టర్ గైడుని పట్టుకునే సెంటర్ అవుతుంది కాబట్టి, తర్వాత మారిస్తే సీటు వంకర వస్తుంది. స్ప్రింగులు మరీ గట్టివి పెట్టించొద్దు, మామూలు రోడ్డు బండికి దానివల్ల క్యామ్ అరగడం తప్ప లాభం లేదు. క్యామ్ మారిస్తే దాని మీద ఆనుకుని పుష్ రాడ్లని ఎత్తే ట్యాపెట్లు కూడా కొత్తవే వెయ్యాలి, పాతవి పెడితే కొత్త క్యామ్‌ని తినేస్తాయి.

రాకర్ షాఫ్ట్ చేతిలోకి తీసుకుని అడుగువైపు గోరుతో గీకి చూడండి, మెట్టులా తగిలితే షాఫ్ట్ అయిపోయినట్టే. రాకర్ కొన చూడండి, వాల్వ్ తగిలే చోట చిన్న గుంట ఉంటుంది, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) ఆ గుంట మీద వంతెనలా కూర్చుంటుంది, మీరు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెట్టాననుకుంటారు, అసలు గ్యాప్ అంతకన్నా ఎక్కువ ఉంటుంది. గుంట పడ్డవి రుద్దించాలి, లేదా మార్చాలి.

బిగించాక ట్యాపెట్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 15 థౌకి, అంటే 0.38 మి.మీ.కి పెట్టుకోండి. లెక్క 9 గుర్తుంచుకోండి చాలు, 8వ వాల్వ్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు 1 సెట్ చెయ్యాలి, 6 నొక్కితే 3, 4 నొక్కితే 5, అలా రెండూ కలిపి 9 రావాలి. 500 కిలోమీటర్లు తిరిగాక హెడ్ నట్లు ఇంకోసారి టార్క్ చేసి (కొలత ప్రకారం బిగించి), ఆ తర్వాతే గ్యాపులు మళ్ళీ చూసుకోండి, హెడ్ బిగిస్తే గ్యాప్ మారుతుంది.