పాత క్షవరపు కత్తి పిడి మరకలు తీసే ముందు జాగ్రత్తలు

మరక సంగతి తర్వాత చూడవచ్చు. ముందు పిడి దేనితో చేశారో తేల్చుకోవాలి. బొటనవేలితో గట్టిగా రుద్దినప్పుడు కర్పూరం వాసన వస్తే అది దాదాపుగా సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్కే. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసే ఈ పదార్థం ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, కాల్చిన సూదితో గుచ్చి చూడడం గానీ, పాలమూరు, నల్లగొండ ఎండల్లో మేడ మీద ఆరబెట్టడం గానీ చేయకూడదు. అసిటోన్ తగిలితే పిడి పైభాగం కరిగి జిగురవుతుంది.

పిడి పెళుసుబారి, లోపలి నుంచి ఘాటైన వాసన వస్తూ, కత్తి మడిచినప్పుడు పిడికి ఎదురుగా ఉండే చోటే కత్తి అలుగు తుప్పు పడుతుంటే సెల్యులాయిడ్ చెడిపోతున్నట్టు లెక్క. అలాంటి పిడికి మెరుగు పెట్టడం వృథా శ్రమే, దాన్ని మిగతా కత్తులకు దూరంగా గాలి ఆడే చోట ఉంచాలి.

కొమ్ము, ఎముక పిడులను నీళ్లలో నానబెట్టకూడదు, పొరలు లేస్తాయి. వాటిని రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

అలుగుకు మందంగా టేపు చుట్టనిదే పని మొదలుపెట్టరాదు. ఇత్తడి శీలల చుట్టూ పచ్చటి చిలుము కనబడగానే బిందెలు తోమినట్టు చింతపండు పెట్టాలనిపిస్తుంది గానీ, ఆ పులుపు సందుల్లోకి దిగి ఉక్కును తినేస్తుంది.