విత్తనం దాచుకుందాం - 3వ పాఠం: మిరప పూతకు ముసుగు

హైబ్రిడ్ కాయలోంచి తీసిన విత్తనం తల్లిలా రాదనీ, విత్తనానికి నాటు సన్న మిరపో, లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) విడుదల చేసిన మామూలు రకమో ఉండాలనీ కిందటి పాఠంలో తేల్చుకున్నాం. ఇప్పుడు తోట పూత మీదుంటుంది. ఈ పాఠం పనంతా పూతలోనే. కాయ పండాక చూద్దాంలే అంటే కుదరదు.

ఒక ఏడాది గుంటూరు పక్కన మా చేలో సన్నాల మడిని ఆనుకుని ఇంటి వాడకానికి రెండు సాళ్లు బజ్జీ మిరప వేశాం. సన్నంలో నిండా కాసిన ఒక మొక్క చూసి ముచ్చటపడి, దాని కాయలే విత్తనానికి ఉంచాను. మరుసటి ఏడు నారు బాగానే లేచింది. కాయ దిగాక చూస్తే కొన్ని లావు, కొన్ని పొట్టి. కొరికితే కారమే లేదు. ఏడాది కష్టం పోయింది, చాలా బాధపడ్డాను. కాయను చూశాను గానీ, పువ్వు మీదికి పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించలేదు. బజ్జీ మిరప, సన్నం రెండూ ఒకే జాతి, ఇట్టే కలిసిపోతాయి.

ఒక పువ్వును తిప్పి చూడండి. తెల్ల రేకుల మధ్య నీలిరంగు పుప్పొడి తిత్తులు, వాటి నడుమ సన్నటి కాడ. ఆ కాడ కొస తిత్తులను దాటి బయటికి వచ్చిందంటే, తేనెటీగ తెచ్చే పరాయి పుప్పొడి ముందు దానికే అంటుకుంటుంది.

అందుకే ముసుగు. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో ఒక కొమ్మ ఎంచుకోండి. దాని మీద విచ్చిన పూలు, పడిన పిందెలు అన్నీ గిల్లేసి, మొగ్గలు మాత్రమే ఉంచండి. పల్చటి మల్లు గుడ్డ సంచి తొడిగి, కొమ్మ మొదలు దగ్గర దూదిపెట్టి వదులుగా కట్టండి. పాలిథిన్ కవరు వద్దు, వేడికి పూత రాలిపోతుంది. తొడిగే ముందు కొమ్మను తెల్ల కాగితం మీద తట్టి చూడండి. 2021లో మన తోటలను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలలోనే దాగుంటుంది, సంచిలో చిక్కితే అక్కడే పెరుగుతుంది. రోజూ ఉదయం సంచిని మెల్లగా తట్టితే పుప్పొడి రాలి పిందె పడుతుంది.

ఎన్ని మొక్కలకు కట్టాలి? ఇక్కడే నేను రెండో తప్పు చేశాను. ఒక్క మొక్క ఎంత బాగున్నా చాలదు. కనీసం 20, 30 మొక్కల నుంచి తీయండి. ఒకటి నీటి ఎద్దడికి తట్టుకుంటుంది, ఇంకొకటి తెగులుకి. ఆ తేడాలన్నీ దాచుకునే విత్తనంలో ఉంటేనే రకం బతుకుతుంది. 1970లో అమెరికా మొక్కజొన్నలో అత్యధిక భాగం ఒకే మూలం నుంచి వచ్చిన హైబ్రిడ్లు. ఒక్క ఆకు తెగులు సోకి దేశం పంటలో సుమారు 15 శాతం పోయింది. ఆకు ముడత ఉన్న మొక్కను మాత్రం వదిలేయండి.

పిందెలు కాస్త పెరిగాక సంచి తీసి, ఆ కొమ్మకు ఎర్ర దారం కట్టండి. కోతకొచ్చే అక్కలకు ఆ దారం ముందే చూపించండి, లేదంటే మొదటి కోతలోనే ఆ కాయలు కల్లానికి పోతాయి. పండి ఎర్రబడేదాకా వాటిని మొక్క మీదే ఉంచండి. ఎండబెట్టడం, నిల్వ చేయడం 4వ పాఠంలో.