చిత్రకారుల జీవితచరిత్ర రాయడానికి పూనుకునేవారికి

ఆధునిక చిత్రకారుల గురించి రాయాలనుకునేవారిలో ఎక్కువమంది వారి కష్టాలతోనే మొదలుపెడతారు. వాన్ గో చెవి కోసుకున్న సంగతి, ఫ్రీడా కాలోకు జరిగిన బస్సు ప్రమాదం, జాక్సన్ పొలాక్ తాగుడు పాఠకులకు ముందే తెలిసిన విషయాలు. అవి నిజంగా జరిగినవే అయినా, రచనంతా వాటితోనే నిండిపోతే ఆ మనిషి ఏళ్ల తరబడి పొద్దున లేచి ఏ పని చేశాడో పాఠకుడికి తెలియకుండా పోతుంది. అందువల్ల ముందుగా పని వివరాలు సేకరించాలనీ, ఏ ఏట, ఏ గదిలో, ఏ సామగ్రితో, ఎవరి డబ్బుతో ఆ బొమ్మలు తయారయ్యాయో తేల్చుకున్న తరువాతే మనోవేదనల జోలికి వెళ్లాలనీ నా అభిప్రాయం.

మొదట ఒక పెద్ద కాగితం మీద సంవత్సరాల వారీగా పట్టిక గీసుకోండి. ఒక్కొక్క ఏటికి ఎదురుగా నివాసం, గీసిన బొమ్మలు, ప్రదర్శనలు, అమ్మకాలు, ఇతర ఆదాయం అనే గళ్లు ఉండాలి. నిండిన గళ్ల కంటే ఖాళీగా మిగిలినవే ఎక్కువ ప్రశ్నలు లేవదీస్తాయి. అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ 1913లో న్యూయార్క్‌లో జరిగిన ఆర్మరీ షో అనే పెద్ద ఆధునిక కళా ప్రదర్శనలో ఒక తైలవర్ణ చిత్రాన్ని 250 డాలర్లకు అమ్మాడు. ఆ తరువాత 1923లో బ్రూక్లిన్ మ్యూజియం అతని నీటిరంగుల చిత్రాన్ని కొనేదాకా, దాదాపు పదేళ్లపాటు, పెయింటింగ్ ఏదీ అమ్ముడుపోలేదు. ఆ పదేళ్లూ అతను పత్రికలకూ ప్రకటనలకూ బొమ్మలు వేసి బతికాడు, ఎచింగులు (లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిపించి తీసే అచ్చుబొమ్మలు) చేశాడు. 1924లో గ్యాలరీ ప్రదర్శనలోని బొమ్మలన్నీ అమ్ముడుపోయేనాటికి అతనికి 42 ఏళ్లు. ‘ఆలస్యంగా గుర్తింపు వచ్చింది’ అని ఒక్క వాక్యంతో దాటవేస్తే, ఒక మనిషి ఇష్టంలేని ఉద్యోగంతో ఇష్టమైన పనిని ఎలా పోషించుకున్నాడన్న అసలు కథ మనకు దక్కదు.

చిత్రకారుడు స్వయంగా చెప్పిన తేదీని కూడా సాక్ష్యంగానే తీసుకోవాలి తప్ప తీర్పుగా తీసుకోకూడదు. నైరూప్య చిత్రకారుడు కజిమిర్ మాలెవిచ్ తన ‘నల్ల చతురస్రం’ అనే చిత్రం 1913 నాటిదని చెప్పుకున్నాడు. పరిశోధకులు దాన్ని 1915లో గీసినట్టు నిర్ధారించారు. 1920ల చివర్లో గీసిన కొన్ని బొమ్మల మీద కూడా అతను పాత సంవత్సరాలే వేశాడు. ఫ్రీడా కాలో 1907లో పుట్టి, మెక్సికో విప్లవం మొదలైన 1910లో పుట్టానని చెప్పుకుంది. ఇలాంటివి బయటపడినప్పుడు అబద్ధమని కొట్టిపారేయకుండా, అసలు తేదీతోపాటు వారు చెప్పుకున్న తేదీనీ రాయండి. తనను లోకం ఎలా చూడాలని వారు కోరుకున్నారో ఆ రెండు అంకెల మధ్య దూరం చెబుతుంది.

డబ్బు సంగతి రాయడానికి మొహమాటపడవద్దు. హాపర్ భార్య జోసెఫిన్ కూడా చిత్రకారిణే. బొమ్మ స్టూడియో దాటి బయటికి వెళ్లేముందు హాపర్ పద్దు పుస్తకంలో దాని చిన్న నమూనాను కలంతో గీసేవాడు. పక్కనే ఆమె కొలతలు, రంగుల వివరం, బొమ్మలోని మనుషుల వర్ణన, ఎవరు కొన్నారు, ఎంత ధర పలికింది అన్నవి తన చేతిరాతతో నింపేది. 1942లో పూర్తయిన ‘నైట్‌హాక్స్’ పద్దు కూడా అందులో ఉంది. దాన్ని అదే ఏడాది చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 3,000 డాలర్లకు కొన్నది. మీరు రాయబోయే చిత్రకారుల విషయంలో ఇలాంటి పుస్తకం దొరికితే అంతకు మించిన ఆధారం లేదు. దొరకకపోతే ప్రదర్శనల కేటలాగులు, గ్యాలరీతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, కాన్వాస్ వెనుక అంటించిన చీటీలు చూడాలి. ఆ పద్దు రాసినవారెవరో కూడా మరవకండి: భర్త లెక్కలకు వెచ్చించిన వేళలు జోసెఫిన్ సొంత బొమ్మలకు దక్కలేదు.

పనిచేసిన గది కొలతలు సైతం చరిత్రలో భాగమే. అమెరికన్ చిత్రకారిణి లీ క్రాస్నర్ 1940ల రెండో సగంలో ఇంటి మేడ మీది పడకగదిలో, చేతికి అందే మేర ఉండే చిన్న కాన్వాసుల మీద పనిచేసింది. పశువులపాకను మార్చిన పెద్ద స్టూడియోలో ఆమె భర్త పొలాక్ గీసేవాడు. 1956లో అతను కారు ప్రమాదంలో చనిపోయిన తరువాత ఆమె ఆ పాకలోకి మారింది. 1957లో అక్కడ గీసిన ‘ద సీజన్స్’ వెడల్పు ఐదు మీటర్లు దాటుతుంది. దుఃఖం ఆమె కళను మార్చిందని రాసేముందు గోడ ఎంత పొడవు పెరిగిందో చెప్పడం న్యాయం.

ఉత్తరాలు చదివేటప్పుడు అవి ఎవరికి రాసినవో దృష్టిలో పెట్టుకోవాలి. వాన్ గో తమ్ముడు థియోకు రాసినవాటిలో కళ గురించిన ఆలోచనలతోపాటు రంగుల గొట్టాల జాబితాలు, డబ్బు అందిందన్న మాటలు ఉంటాయి, ఎందుకంటే థియో అతన్ని పోషిస్తున్న అన్నదాత కూడా. బతికుండగా అతని బొమ్మ ఒక్కటే అమ్ముడయిందన్న మాటను మక్కికి మక్కి ఎత్తిరాయకండి. 1890లో ‘ఎర్ర ద్రాక్షతోట’ 400 ఫ్రాంకులకు అమ్ముడైన మాట నిజమే గాని, 1882లోనే అతని పినతండ్రి ఒకరు హేగ్ నగర దృశ్యాల రేఖాచిత్రాలను డబ్బిచ్చి గీయించుకున్నాడు.

మరణంతో రచన ముగించకండి, ఎందుకంటే కొందరికి పేరు అప్పుడే మొదలవుతుంది. వాన్ గో తరువాత 1891లో థియో కూడా పోయాక అతని భార్య యోహానా బొమ్మలను భద్రపరిచి, ప్రదర్శనలకు పంపి, 1914లో ఉత్తరాలను ప్రచురించింది. స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుంచి 1915 వరకు తాను ఊహించుకున్న ఒక ఆలయం కోసమని 193 చిత్రాలు గీసి, తాను పోయిన ఇరవై ఏళ్లదాకా వాటిని బయటపెట్టవద్దని కోరింది. ఆమె 1944లో కన్నుమూస్తే, ఆ బొమ్మలు పెద్ద ప్రదర్శనలో కనిపించింది 1986లో.

ప్రచురించేటప్పుడు ప్రతి బొమ్మ కింద పేరు, సంవత్సరం, మాధ్యమం, కొలతలు, అది ఉన్న మ్యూజియం పేరు తప్పక ఇవ్వండి. కొలతల్లో ఎత్తు ముందు, వెడల్పు తరువాత రాస్తారు. ఫోన్ తెర మీద బొమ్మలన్నీ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. కాలో 1940లో ముళ్లహారంతో గీసుకున్న స్వీయచిత్రం సుమారు 61 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుందనీ, 1939 నాటి ‘ఇద్దరు ఫ్రీడాలు’ నిలువునా అడ్డంగా 173 సెంటీమీటర్ల వరకు ఉంటుందనీ అంకెలు చూస్తేనే పాఠకుడికి తెలుస్తుంది.