తెల్లవారుజామున పసుపు నురగ కక్కే కుక్క: మా ఇంట్లో పనిచేసిన మార్పు

మా ఆరేళ్ల లాబ్రడార్ రెండు నెలలపాటు, వారానికి మూడు నాలుగు సార్లు, తెల్లవారుజామున పసుపుపచ్చని నురగ కక్కేది. అందులో తిండి ఆనవాలే ఉండేది కాదు, అరగంట గడిచేసరికి తోక ఊపుకుంటూ మళ్లీ గిన్నె దగ్గరికి వచ్చేది. నులిపురుగుల మందు, ఆహారం బ్రాండు మార్పు, పెరుగన్నం, ఇవేవీ ఫలించలేదు.

రక్త, మల పరీక్షల్లో దోషమేమీ కనబడకపోవడంతో పశువైద్యురాలు రాత్రి తిండి వేళ అడిగారు. మేము సాయంత్రం 6 గంటలకే పెట్టేవాళ్లం. కడుపు అన్ని గంటలు ఖాళీగా ఉంటే చిన్నపేగులోని పైత్యరసం వెనక్కి ఎగదన్ని జీర్ణాశయపు పొరను రేపవచ్చని ఆమె వివరించారు.

ముందుగా రోజంతటి తిండిని వంటింటి త్రాసుపై తూచాను. 320 గ్రాములు తేలింది. దానిని పెంచకుండానే ఉదయం 7కు 130, సాయంత్రం 6కు 130, రాత్రి 10:30కు మిగిలిన 60 గ్రాములను గోరువెచ్చని నీటిలో పది నిమిషాలు నానబెట్టి పెట్టసాగాను. (ఆ 60 అదనంగా పెడితే లాబ్రడార్ కాదనదు, బరువు మాత్రం పెరుగుతుంది.) తొలి వారంలో ఒక్కసారే కక్కింది, అదీ మేము రాత్రి తిండి మరచిన రోజున. తరువాత మూడు నెలలుగా ఆ బాధ లేదు.

అయితే వాంతులకు క్లోమం వాపు మొదలుకొని మూత్రపిండాల జబ్బు దాకా కారణాలు అనేకం కనుక, పరీక్షలు చేయించకుండా దీనినే నమ్ముకోవద్దు. రక్తం కనిపించినా, కుక్క తిండి మానేసినా ఆ రోజే వైద్యునికి చూపించాలి.